పడటం నేర్చిన పిల్ల

చక్రాల బూట్లు తొడుక్కున్న పదిమంది ఆడవాళ్ళు, పళ్ళెం అంచులాగా వాలుగా కట్టిన గుండ్రటి బాటమీద, భుజాలతో గుద్దుకుంటూ, తుంటితో తోసుకుంటూ దూసుకుపోతూ వుంటారు. పడేవాళ్ళు పడుతూ వుంటారు, లేచేవాళ్ళు లేస్తూ వుంటారు. చుట్టూ చేరిన జనం ఈలలు వేస్తూ వుంటారు. ఇది ఆటా, వీధి కొళాయి దగ్గర కొట్లాటా అని మీరు అడిగితే, ఆటే అంటాను. దీనికి నిబంధనలున్నాయి, లెక్కలున్నాయి, తొంభై ఏళ్ళ చరిత్ర వుంది. పేరు రోలర్ డెర్బీ. ఈ ఆట చుట్టూ అల్లిన 'విప్ ఇట్' అనే హాస్యచిత్రం గురించే ఈ వారం కబుర్లు.

బొమ్మ కొత్తది కాదు. 2009 అక్టోబరులో అమెరికాలో విడుదలైంది. సుమారు కోటిన్నర డాలర్లు ఖర్చుపెట్టి తీస్తే, అమెరికాలో టిక్కెట్లమీద వచ్చింది కోటి ముప్ఫై లక్షలు. అంటే పెట్టుబడి కూడా పూర్తిగా చేతికి రాలేదన్నమాట. ఆడిన బొమ్మల సంగతి మీకు నేను చెప్పక్కరలేదు, గోడలే చెబుతాయి. ఆడవలసినంతగా ఆడని మంచి బొమ్మను దుమ్ము దులిపి చూపించడం కూడా ఈ శీర్షిక పనే గదా!

కథ టెక్సాస్ రాష్ట్రంలో, బోడీన్ అనే కల్పిత గ్రామంలో జరుగుతుంది. బ్లిస్ పదిహేడేళ్ళ పిల్ల. బడి అయిపోగానే, నెత్తిన పంది బొమ్మ పెట్టుకున్న ఓ హోటల్లో బల్లల దగ్గర వడ్డన పని చేస్తూ వుంటుంది. తల్లి బ్రూక్ ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగి. ఆ తల్లికి ఒకటే ఆశ. కూతురు అందాల పోటీల్లో కిరీటం పెట్టుకోవాలి. తానూ ఆ వయసులో ఆ పోటీల వేదికలెక్కినదే. అక్కడి పోటీ పేరు బ్లూబానెట్. అది టెక్సాస్ రాష్ట్రపు పువ్వు. పువ్వు పేరుతో పోటీ, పూలలాంటి గౌన్లు, పూసినట్టు నవ్వాలని నియమం. బ్లిస్‌కి ఆ నవ్వు రాదు. బొమ్మ మొదట్లోనే జుట్టుకు నీలం రంగు అంటించుకుని, అది వదలక, ఆ అవతారంతోనే వేదికెక్కుతుంది. అక్కడ తల్లి మొహం చూడాలి మీరు!

తల్లితో ఆస్టిన్ నగరానికి బూట్లు కొనడానికి వెళ్ళినప్పుడు, చక్రాల బూట్లమీద కొందరు యువతులు సర్రున దుకాణంలోకి వచ్చి, ఆట తాలూకు కరపత్రాలు పడేసి, సర్రున వెళ్ళిపోతారు. పిల్ల కళ్ళు వాళ్ళ వెంటే పోతాయి. తరవాత, ఫుట్‌బాల్ ఆటకు వెళుతున్నామని ఇంట్లో చెప్పి, స్నేహితురాలు పాష్‌తో కలిసి ఆ డెర్బీ చూసి వస్తుంది. మీరంతా నా ఆరాధ్య దేవతలు అన్న ధోరణిలో ఆ ఆటగత్తెలతో మాట్లాడితే, అందులో ఒకామె, ఆరాధించడం దేనికి, నువ్వే బూట్లు కట్టుకో అన్నంత తేలికగా సమాధానం చెబుతుంది. ఇంటికొచ్చిన బ్లిస్, చిన్నప్పటి బార్బీ బొమ్మ బూట్లు వెతికి తీసి, తాళ్ళు బిగిస్తుంది. అక్కడినుంచి అసలు కథ.

ఆ పాత బూట్లు వెతికే దృశ్యం దగ్గర నాకు మన ఇళ్ళు గుర్తొచ్చాయి. చక్రాల బూట్లు మనకేం కొత్త కాదు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్య పతకాలు తెచ్చి, 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశపు నలుగురమ్మాయిలు మూడువేల మీటర్ల రిలేలో కాంస్యం గెలిచారు. వేసవి సెలవుల్లో పార్కులకు వెళ్ళి చూడండి, తలకు టోపీ, మోకాళ్ళకు తొడుగులు కట్టుకుని బాతుపిల్లల్లా వరసగా పోతూ వుంటారు పిల్లలు. అందులో ఆడపిల్లలూ బోలెడుమంది. కాని పదో తరగతి వస్తుంది, ట్యూషన్లు వస్తాయి, బూట్లు అటకెక్కుతాయి. మగపిల్లవాడి బ్యాటు కనీసం తలుపు మూలనైనా వుంటుంది. ఆడపిల్ల ఆటవస్తువు మాత్రం నేరుగా అటకమీదికే. బ్లిస్ చేసిన గొప్ప సాహసమల్లా, అటకెక్కినదాన్ని మళ్ళీ దింపడమే.

ఆట సంగతి తెలియకపోతే బొమ్మ రుచించదు కనక రెండు ముక్కలు చెబుతాను. ఒక్కో జట్టుకు అయిదుగురు. అందులో ఒకామె శిరస్త్రాణంమీద నక్షత్రం గుర్తు వుంటుంది. ఆమెను జామర్ అంటారు. తక్కిన నలుగురూ అడ్డుకునేవాళ్ళు. వీళ్ళంతా గుంపుగా ముందు పోతూ వుంటే, జామర్ వెనకనుంచి వచ్చి ఒకసారి గుంపును చీల్చుకుని పోవాలి. ఆ తరవాత చుట్టు తిరిగి వచ్చి, దాటిన ప్రతి ప్రత్యర్థికీ ఒక్కో పాయింటు చొప్పున సంపాదించాలి. మన కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగత్తెను తలుచుకోండి. ఒంటరిగా శత్రువుల మధ్యకు వెళ్ళి రావడం రెండింటిలోనూ వుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ శత్రువులూ కదులుతూ వుంటారు, కాళ్ళకింద నేల జారుతూ వుంటుంది.

ఇక బొమ్మ పేరులో వున్న 'విప్' అంటే కొరడా. ముందు పోతున్న ఆటగత్తె వెనక్కి చెయ్యి చాస్తుంది. వెనకనుంచి వచ్చిన జామర్ ఆ చెయ్యి పట్టుకుంటుంది. ఆమె తన వేగమంతా చేతిలోకి తెచ్చి, జామర్‌ను కొరడా ఝళిపించినట్టు ముందుకు విసురుతుంది. ఒప్పులకుప్ప తిరిగిన ప్రతి తెలుగు ఆడపిల్లకూ ఈ శాస్త్రం తెలుసు. చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతున్నప్పుడు ఒకరు వదిలేస్తే రెండోవాళ్ళు ఎంత దూరం పోయి పడతారో జ్ఞాపకం వుందా? మనం దాన్ని ప్రమాదం అన్నాం. వాళ్ళు దాన్ని ఎత్తుగడ చేసుకున్నారు.

ఈ ఆట పుట్టుక కూడా చిత్రమే. 1935 ఆగస్టు 13న షికాగోలో లియో సెల్ట్‌జర్ అనే ఆయన మొదలుపెట్టాడు. అమెరికాలో ఉద్యోగాలు లేక జనం అల్లాడుతున్న రోజులవి. ఒక మగ, ఒక ఆడ జంటగా, గుండ్రటి బాటమీద తిరిగి తిరిగి, దేశం ఈ చివరనుంచి ఆ చివరకు వున్నంత దూరం, అంటే దాదాపు మూడువేల మైళ్ళు, వారాల తరబడి చక్రాలమీద పూర్తిచేయాలి. అది ఓర్పు పందెం. జనం మాత్రం ఆటగాళ్ళు ఒకరికొకరు తగిలి పడినప్పుడే లేచి నిలబడి చూసేవారట. అంచేత తగలడాన్నే ఆటగా మార్చారు. ఒక విశేషం ఏమిటంటే, మొదటి రోజునుంచీ ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ అవే నిబంధనలు. టెలివిజన్ వచ్చిన కొత్తలో వెలిగి, 1970ల నడిమికి మూలపడిన ఈ ఆటను, 2001లో ఆస్టిన్ నగరంలో ఆడవాళ్ళే మళ్ళీ లేవదీశారు. ఇవాళ ఎన్నో దేశాల్లో వందలాది జట్లున్నాయి. బొమ్మలో ఆస్టిన్ నగరాన్ని ఎన్నుకోవడం ఊరికే కాదు.

కథ రాసిన షానా క్రాస్ కూడా కుర్చీలో కూర్చుని ఊహించి రాయలేదు. లాస్ ఏంజిలిస్‌లో ఒక డెర్బీ జట్టులో తానే ఆడింది. ఆ అనుభవంతో 2007లో 'డెర్బీ గర్ల్' అనే నవల రాసింది. దానికి తానే స్క్రీన్‌ప్లే సమకూర్చింది. దర్శకురాలు డ్రూ బారీమోర్. 1982లో వచ్చిన 'ఇ.టి.' బొమ్మలో ముద్దుగా కెవ్వుమన్న ఆ చిన్నపిల్లే ఈమె. ఇది ఆమె దర్శకత్వం వహించిన మొదటి చిత్రం. ఇందులో తానొక వేషం కూడా వేసింది. మొదటిసారి దర్శకులైనవారు తమకు మంచి వేషం దాచుకోవడం లోకరివాజు. ఈమె మాత్రం మాటిమాటికీ దెబ్బలు తినే వేషం తీసుకున్నది.

ఈ ఆటలో ప్రతివాళ్ళకూ ఓ మారుపేరు వుంటుంది. మన రచయితలకు కలంపేరు వున్నట్టు, వీళ్ళది చక్రంపేరు. బ్లిస్ పేరు బేబ్ రూత్‌లెస్. బేబ్ రూత్ అనే బేస్‌బాల్ వీరుడి పేరుకు, దయలేనిది అనే మాట తగిలించారు. మ్యాగీ మేహెమ్, స్మ్యాష్‌లీ సింప్సన్, బ్లడీ హాలీ, రోసా స్పార్క్స్ అని తక్కినవాళ్ళు. జట్టు పేరు హర్ల్ స్కౌట్స్. సేవాదళం బాలికల పేరులో ఒక్క అక్షరం మార్చి, విసిరికొట్టే బాలికలను చేశారు. బాలికల యూనిఫారంలాంటి దుస్తులు వేసుకుని, ఆడిన ఆటల్లా ఓడిపోవడం వీళ్ళ అలవాటు. ఓడినా సంబరం మానరు. మేము రెండోవాళ్ళం అని కేకలు వేస్తారు. ఆడుతున్నది రెండే జట్లు సుమా! వారి శిక్షకుడు పాపం ఎత్తుగడలన్నీ పుస్తకంలో రాసుకుని తిరుగుతూ వుంటాడు. చదివే దిక్కు వుండదు.

ఇక్కడ నేనొకటి గమనించాను. ఇటువంటి ఆటల బొమ్మల్లో సాధారణంగా ఒక గురువుంటాడు. కసురుతాడు, పరుగెత్తిస్తాడు, చివర్లో పిల్ల గెలిస్తే కన్నీరు తుడుచుకుంటాడు. 'దంగల్' (2016)లో ఆ గురువు తండ్రే. తన తీరని కోరికను కూతుళ్ళ భుజాలకెత్తాడు. 'విప్ ఇట్'లో ఆ తండ్రి స్థానంలో తల్లి వున్నది, ఆమె మోపే బరువు కిరీటం. గురువు మాట వినేవారు లేరు. పిల్లను తీర్చిదిద్దేది తోటి ఆడవాళ్ళే. అందులో ఒకామె పసివాణ్ణి ఒంటరిగా పెంచుకుంటున్న తల్లి. ఇంకొకామెకు వంటిమీద తెలివి తక్కువ, కోపం ఎక్కువ. ప్రత్యర్థి జట్టు నాయకురాలు ఐరన్ మేవెన్ ముప్ఫైఆరేళ్ళ మనిషి. తనకు చేతనైన పని ఏదో తెలుసుకోవడానికి ముప్ఫైఒక్క ఏళ్ళు పట్టిందని ఒకచోట బ్లిస్‌కి చెబుతుంది. అంతవరకూ ఆమెను విలన్ అనుకుని పళ్ళు కొరుకుతున్న మనం, ఆ మాటతో మెత్తబడిపోతాం. పదిహేడేళ్ళకే దొరికిన పిల్లను చూసి ముప్ఫైఒకటికి దొరికినామె ఎందుకు మండిపడుతున్నదో అర్థమవుతుంది.

డెర్బీ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు మొట్టమొదట నేర్పేవాటిలో ఒకటి పడటం. వెనక్కి కాకుండా ముందుకు పడాలి. మోకాలి తొడుగుమీద పడాలి. చేతివేళ్ళు పిడికిలిలో ముడుచుకోవాలి, లేకపోతే వెనక వచ్చే చక్రాలకింద నలుగుతాయి. వీలైనంత చిన్నగా ముడుచుకుని పడి, వెంటనే లేవాలి. తలకు టోపీ, పళ్ళకు తొడుగు, మోచేతులకు, మణికట్లకు, మోకాళ్ళకు కవచాలు. పడటం తప్పదని ముందే ఒప్పుకుని కట్టుకునే ఏర్పాట్లివి. మన ఇళ్ళలో ఆడపిల్లకు పుట్టినప్పటినుంచీ వినబడే మాట, "జాగ్రత్త, పడతావే!" మోకాలు గీసుకుంటే అమ్మమ్మ, "మచ్చ పడితే రేపు ఎవరు చేసుకుంటారే?" అంటుంది. పడకుండా ఎలా వుండాలో నేర్పడానికి పదిమందీ వున్నారు. పడితే ఎలా లేవాలో చెప్పేవాళ్ళు మాత్రం అరుదు. పడ్డ పిల్ల అందుకే దెబ్బకన్నా ముందు చుట్టూ చూసుకుంటుంది, ఎవరైనా చూశారేమోనని. బొమ్మలో ఆటగత్తెలు తమ దెబ్బల మచ్చలను, మనవాళ్ళు కొత్త గాజులు చూపించుకున్నట్టు చూపించుకుంటారు. బ్లిస్ ఒక్కతే, ఇంట్లో తెలుస్తుందని, దాచుకుంటూ తిరుగుతుంది.

దాచడం దగ్గరే కథ బిగుసుకుంటుంది. ఆ జట్టులో చేరడానికి ఇరవైఒక్క ఏళ్ళు నిండాలి. పిల్ల వయసు పెంచి అబద్ధమాడుతుంది. పరీక్షకు తయారయ్యే క్లాసులకు వెళుతున్నానని ఇంట్లో రెండో అబద్ధం. వృద్ధులు బింగో ఆడుకోవడానికి వెళ్ళే బస్సెక్కి, ముసలమ్మల మధ్య కూర్చుని, ఆస్టిన్ చేరుకుంటూ వుంటుంది. చూస్తూ నవ్వుకుంటాం. కాని ఒక రాత్రి పోలీసులు ఆ ఆటస్థలంమీద పడేసరికి, బ్లిస్ తన ప్రియుడితో వెళ్ళిపోయి వుంటుంది. దొరికిపోయేది పాష్. చదువుకుని పైకి రావాలని, ఆ ఊరు విడిచి పోవాలని అన్ని లెక్కలూ వేసుకున్న స్నేహితురాలు ఈమె మూలాన స్టేషనులో కూర్చుంటుంది. ఆ ప్రియుడు కూడా ఏమంత నమ్మదగినవాడు కాడని తరవాత తేలుతుంది. పిల్లకు ఆట ఇష్టం గనక అబద్ధాలన్నీ మాఫీ అని ఈ బొమ్మ అనదు. అబద్ధానికి బిల్లు వస్తుంది, అదీ పక్కవాళ్ళ పేరున వస్తుందని చూపిస్తుంది. పెద్దపిల్లలున్న ఇళ్ళలో ఈ ఒక్క ఘట్టంకోసమైనా బొమ్మ చూడవచ్చునని నా అభిప్రాయం.

అట్లాగని తల్లిని కూడా రాక్షసిని చేయలేదు. ఆ వేషం వేసిన మార్షియా గే హార్డెన్ గొప్ప నటి. 'పొలాక్' చిత్రానికి ఆస్కార్ అందుకున్నది. ఎండలో ఉత్తరాలు పంచే ఆ తల్లి కళ్ళకు, అందాల పోటీ అంటే షోకు కాదు. తాను దాటలేని గడపను కూతురు దాటడానికి తెలిసిన ఒకే ఒక్క తలుపు. ఆమె తలుపు చూపించింది, అది కూతురికి సరిపోలేదు. మన తల్లులు ఇంజనీరింగు సీటు చూపించినట్టే ఇదీను. సీటు చెడ్డదీ కాదు, తల్లి చెడ్డదీ కాదు. పిల్లను అడగకపోవడం ఒక్కటే లోటు. సంగతంతా బయటపడి, ఇంట్లోంచి వెళ్ళిపోయి, మనసు విరిగి తిరిగొచ్చిన కూతురు, తల్లి వంటింటి నేలమీద కూర్చుని మాట్లాడుకునే దృశ్యం వుంది. ఎవరూ అరవరు. నేపథ్యంలో వయొలిన్లు ఏడవవు. బొమ్మ మొత్తానికి నాకు నచ్చిన దృశ్యం అదే.

తండ్రి సంగతి వేరు. ఈ వేషం వేసిన డేనియల్ స్టెర్న్, 'హోమ్ ఎలోన్' బొమ్మలో దెబ్బలు తిన్న ఇద్దరు దొంగల్లో పొడుగాయన. ఇందులో భార్యకు తెలియకుండా వ్యానులో కూర్చుని ఫుట్‌బాల్ చూసుకునే అల్పసంతోషి. పక్కింటాయన తన కొడుకుల ఆట ఘనత పెరట్లో బోర్డు పెట్టి చాటుకుంటూ వుంటే, ఈయన గుటకలు మింగుతూ వుంటాడు. తనకూ ఆటలాడే బిడ్డ ఒకతె వున్నదని తెలిశాక ఆయనేం చేశాడో, తుది పోటీ, అందాల పోటీ ఒకే రోజున పడినప్పుడు ఎవరి పక్షాన నిలబడ్డాడో, ఆ బోర్డు కథ ఎట్లా ముగిసిందో బొమ్మలోనే చూడండి. అన్నీ నేను చెప్పేస్తే మీరు తిట్టుకుంటారు.

ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. చివరి ఆటలో మన పిల్ల జట్టు గెలవదు. కొద్ది పాయింట్లలో ఓడిపోతుంది. ఆటల బొమ్మల్లో నూటికి తొంభై చివరి నిమిషంలో గెలుస్తాయి. ఇందులో ఓడి, మళ్ళీ అదే కేక, మేము రెండోవాళ్ళం అని! మొదట్లో ఆ కేక చేతగానితనంలా వినిపించింది. చివర్లో అలా వినిపించదు. మధ్యలో వాళ్ళు ఆ పుస్తకం తెరిచారు, కష్టపడ్డారు, గెలుపు అంచుదాకా వచ్చారు. బొమ్మ గెలిపించదలిచింది జట్టును కాదు, ఇంటిని. అందుకే స్కోరుబోర్డుమీద ఓటమి రాసి వున్నా, మనం తేలిక మనసుతో లేస్తాం.

లోపాలు లేవా అంటే వున్నాయి. ప్రేమకథ పలచన. ఆ కుర్రవాడు పాటలు పాడడం తప్ప మరేమీ చేయడు. కొన్ని హాస్యాలు మోటుగా వున్నాయి. ఆటల దృశ్యాలు మొదట్లో రుచిగా వుండి, నడిమిలో ఒకేలా కనిపిస్తాయి. అయితే నటీనటులు శిక్షణ పొంది, చాలావరకు తామే చక్రాలమీద నిలబడడం వల్ల, ఆ పాట్లు కృత్రిమంగా వుండవు. బ్లిస్ వేషం వేసిన ఎలియట్ పేజ్ నటనలో గొప్ప సంగతి, మాట తక్కువ. వేదికమీద ముడుచుకున్న ఆ భుజాలు బాటమీద ఎలా విచ్చుకున్నాయో చూస్తే చాలు.

అమెరికా సెన్సారువారు ఈ బొమ్మకు పదమూడేళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలనే గుర్తు ఇచ్చారు. అది న్యాయమే. ఈతకొలను దృశ్యం, మద్యం ప్రస్తావనలు, కొంత నోటి దురుసు వున్నాయి. అంచేత చిన్నపిల్లలను నిద్రపుచ్చండి. పదిహేను దాటిన ఆడపిల్ల వుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. తండ్రులు కూడా పేపరు పక్కన పెట్టి కూర్చుంటే మరీ మంచిది. బొమ్మ అయ్యాక ఉపన్యాసాలేమీ ఇవ్వకండి. అటకమీద ఏముందో ఒకసారి పిల్లనే అడగండి.